కాచిన నీళ్ళు

జయకుమారి విసిరిన పాలపొడి డబ్బా గోడకు తగిలి మూత ఊడింది. తెల్లటి పొడి వసారా అంతా చిమ్మింది.

"అది డాక్టరుగారు తెమ్మన్నారు వదినా!" అని అరిచింది శాంతి.

"తీసుకెళ్ళు. ఊడ్చుకుని మరీ తీసుకెళ్ళు. అందులో నువ్వేం కలిపావో ఆవిడే చెబుతుంది" అంది జయకుమారి.

శాంతి మోకాళ్ళ మీద కూర్చుని, పొడిని రెండు చేతులతో డబ్బాలోకి ఎత్తసాగింది. మట్టి అంటని పొడి గుప్పెడు కూడా దొరకలేదు.

శాంతి కూతురు, మూడు నెలల కెజియా గుంటూరు ఆసుపత్రిలో, అద్దాల గదిలో, ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. నిన్న సాయంత్రం పాలు తాగిన కాసేపటికి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. తర్వాత గోళ్ళు. ఆ తర్వాత పిల్ల ఏడవడం కూడా మానేసింది. ఆక్సిజన్ పెట్టినా రంగు రాలేదు. పొద్దున రక్తం తీస్తే ఎర్రగా లేదు, చాక్లెట్ కరిగించినట్టుంది. డాక్టరు బాలసరస్వతి ఆ సూది వైపు చూసి, ఇంజక్షన్ ఒకటి రాసి, శాంతి వాళ్ళ వైపు తిరిగింది. "మందు మొదలుపెడతాను. కానీ ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. నీళ్ళ వల్ల కావచ్చు. కొన్ని పురుగుమందుల వల్ల కూడా ఇలాగే అవుతుంది. పిల్ల నోట్లోకి పోయినవన్నీ తీసుకురండి" అంది.

పురుగుమందు అన్న మాట దగ్గరే శాంతి భర్త ఫిలిప్ ఆగిపోయాడు. తండ్రి జక్రయ్యని పిల్ల దగ్గర కూర్చోబెట్టి, శాంతిని బండి ఎక్కించుకుని బయల్దేరాడు. ప్రత్తిపాడు దాటి ఊళ్ళోకి వచ్చేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇప్పుడు కూడా గుమ్మంలో నిలబడి అక్క వైపు, భార్య వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"అడగరా" అంది జయకుమారి. "నీకు నోరు లేదా? మొన్న ఆదివారం ఈ వసారాలోనే కదా అన్నది? పిల్లని చంకనేసుకుని, నన్ను పుట్టింటికి పంపకపోతే మందు డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు, ఇద్దరం తాగి చస్తాం అనలేదా? నేను విన్నా. నువ్వూ విన్నావు."

"కోపంలో అన్నాను" అంది శాంతి తలెత్తకుండా.

"కోపంలో అన్నది కోపంలో చేశావు."

ఫిలిప్ వసారాలోకి వచ్చాడు. మూలన మిరపతోటకి కొట్టే మందు డబ్బాలు మూడు ఉన్నాయి. ఒక్కొక్కటే ఎత్తి ఊపి చూశాడు. మూడోది సగానికి పైగా ఖాళీగా ఉంది. ఆ సగం తనే మంగళవారం చేలో కొట్టాడు. ఆ సంగతి అప్పుడు అతనికి గుర్తు రాలేదు.

"కలిపావా?" అన్నాడు.

శాంతి లేచి నిలబడింది. "ఏమడుగుతున్నావో తెలుస్తోందా నీకు?"

"కలిపావా లేదా చెప్పు."

"దాన్ని తొమ్మిది నెలలు మోశాను. కడుపు కోయించుకుని కన్నాను. కుట్లు చీము పట్టి, మందులకి నా పాలు ఎండిపోతే, రాత్రింబవళ్ళు డబ్బాపాలు పట్టి..."

ఆమె మాట పూర్తి కాలేదు. ఫిలిప్ చెయ్యి ఆమె చెంప మీద పడింది. శాంతి తూలి, వసారా దిగువన ఎండబెట్టడానికి పెట్టిన మిరపకాయల బస్తా మీద పడింది. బస్తా పక్కకి ఒరిగి కాయలు వాకిలంతా దొర్లాయి. లేవబోతే జుట్టు పట్టుకున్నాడు.

"చెప్పు! నా పిల్లకి ఏం పట్టావు?"

"వదలరా ఫిలిప్! చచ్చిపోద్ది!" అని ప్రహరీ మీద నుంచి కేక వినిపించింది. బాలింత కూతురికి బియ్యం చెరుగుతున్న పక్కింటి ఖాదర్‌బీ చేట కింద పడేసి, గోడ చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చింది. ఫిలిప్ మణికట్టు రెండు చేతులతో పట్టుకుని లాగింది. "ఆసుపత్రిలో పిల్ల ఉండగా ఇదేం పని? నీకు బుద్ధుందా?"

"నువ్వు మధ్యలోకి రాకు ఖాదర్‌బీ. ఇది మా ఇంటి విషయం" అంది జయకుమారి.

"గోడవతల ఉన్నంత మాత్రాన నాకు కళ్ళు లేవా? ఆ పిల్ల బిడ్డని ఎట్టా చూసుకుందో నేను చూడలా?"

ఫిలిప్ చెయ్యి వదిలాడు. అతని వేళ్ళకి శాంతి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. వాటిని విదిలించబోయి విదిలించలేక, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

అప్పుడే వాకిట్లో బండి ఆగింది. శాంతి అన్న మార్క్ వచ్చాడు. పొద్దున ఆసుపత్రి నుంచి శాంతే ఫోన్ చేసి, ఇంటికి రమ్మని చెప్పింది. స్టాండు వెయ్యకుండానే బండి వదిలేసి లోపలికి వచ్చాడు. చెల్లెలి పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదికి కారుతోంది. ఎర్రటి కాయల మధ్య చేతులు ఆనించుకుని లేస్తోంది.

మార్క్ ఏమీ అడగలేదు. గోడకు ఆనించి ఉన్న పార అందుకున్నాడు.

"అన్నా, వద్దు!" అంది శాంతి.

పార కర్ర ఫిలిప్ భుజం మీద పడింది. రెండో దెబ్బకి ఫిలిప్ కర్ర పట్టుకుని మార్క్‌ని గోడకేసి నెట్టాడు. ఇద్దరూ కలబడి కాయల మీద పడ్డారు. కాయలు నలిగి ఘాటు లేచింది. అందరికీ దగ్గు పట్టుకుంది. దగ్గుతూనే కొట్టుకున్నారు. జయకుమారి వెనకనుంచి వెళ్ళి మార్క్ చెయ్యి కొరికింది. అతను ఆమెని మోచేత్తో తోసి, పార లాక్కుని తిప్పాడు. పార అంచు ఫిలిప్ తలకి తగిలింది.

నుదుటి పైన చర్మం రెండు వేళ్ళ మేర తెరుచుకుంది. ఫిలిప్ కూర్చుండిపోయాడు. రక్తం కంట్లోకి, ముక్కు మీదికి జారింది. మార్క్ పార వదిలేశాడు.

జయకుమారి పైట చెంగు చింపి తమ్ముడి తల చుట్టూ కట్టసాగింది.

ఈ గొడవంతా జరుగుతుండగానే శాంతి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుస్తూ కూర్చోలేదు. రెండు ఖాళీ సీసాలు వెతికి, పొయ్యి పక్కన మూత పెట్టి ఉన్న స్టీలు బిందెలోంచి ఒక సీసాలో కాచిన నీళ్ళు పోసింది. దొడ్లోకి వెళ్ళి బోరు మోటారు వేసి, రెండో సీసా పట్టింది. పాలసీసా, జ్వరం మందు సీసా, మట్టి కలిసిన పాలపొడి డబ్బా సంచిలో వేసుకుంది. బయటికి వచ్చి ఖాదర్‌బీతో అంది: "పిన్నీ, బాబాయిని ఆటో తీయమను. ఇతన్ని కూడా ఎక్కించాలి."

"ఇతన్నా?" అన్నాడు మార్క్.

"తలకి కుట్లు పడాలి అన్నా. నువ్వు బండి మీద వెనక రా."

ఖాదర్‌బీ భర్త ఇమాం హుస్సేన్ ఆటోలో గుంటూరు దాకా మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చున్నారు. శాంతి ఒళ్ళో రెండు సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. రెండిట్లోనూ నీళ్ళు ఒక్కలాగే తేటగా ఉన్నాయి.

*

డాక్టరు బాలసరస్వతి యాభై దాటిన మనిషి. పాలసీసా తీసి వాసన చూసింది. మందు సీసా మీద పేరు చదివింది. పాలపొడి పక్కన పెట్టింది. నీళ్ళ సీసాలు రెండూ ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకుంది.

"ఇవేమిటి?"

"ఇది బోరు నీళ్ళండి, పచ్చివి. ఇది కాచినవి. పాలు కలిపేది కాచిన వాటితోనే" అంది శాంతి.

డాక్టరు ఒక చిన్న డబ్బాలోంచి కాగితపు పట్టీ తీసి బోరు నీళ్ళలో ముంచింది. తెల్లగా ఉన్న కొస కాసేపటికి గులాబీ రంగుకి తిరిగింది. డబ్బా మీది రంగుల గళ్ళ పక్కన పెట్టి చూసింది. రెండో పట్టీ కాచిన నీళ్ళలో ముంచింది. అది గులాబీ దాటి, ముదిరి, దానిమ్మ గింజ రంగులో ఆగింది.

ఆ గదిలో ఉన్న నలుగురూ ఆ రెండు పట్టీల వైపే చూస్తున్నారు. తలకి కొత్త కట్టుతో ఫిలిప్, చేతి మీద పళ్ళ గాట్లతో మార్క్, తలుపు దగ్గర తువ్వాలు నలుపుకుంటూ జక్రయ్య, ముందు శాంతి.

"నైట్రేటు" అంది డాక్టరు. "లీటరుకి నలభై అయిదు మిల్లీగ్రాములు దాటకూడదు. మీ బోరులో నూట యాభై దాకా ఉంది. ఈ కాచినవాటిలో ఎంత ఉందో చెప్పడానికి పట్టీ మీద రంగే లేదు. మనమంతా తాగితే వెంటనే తేడా తెలియదు. నెలల పిల్లలకి మాత్రం ఇది రక్తాన్ని చెడగొడుతుంది. రక్తం గాలిని మోయలేదు. అందుకే ఒళ్ళు నీలంగా అవుతుంది."

"కాస్తే పోవాలి కదండీ?" అన్నాడు ఫిలిప్.

"కాస్తే పురుగులు చస్తాయి. ఇది పురుగు కాదు, ఉప్పు లాంటిది. పులుసు బాగా మరిగిస్తే అందులో ఉప్పు ఏమవుతుంది?"

"ఎక్కువవుతుంది" అంది శాంతి మెల్లగా.

"అంతే. ఎంతసేపు కాచేవాళ్ళు?"

శాంతి ఫిలిప్ వైపు చూసింది. డాక్టరు మళ్ళీ అడిగింది. ఫిలిప్ నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"మూడు వంతులు ఒక వంతు అయ్యేదాకానండి. మా అక్క కాచేది. తెల్లారి లేచి పొయ్యి మీద పెట్టి, అక్కడే కూర్చునేది. పసిపిల్ల తాగే నీళ్ళని శాంతిని కూడా పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. మా అక్కకి పిల్లల్లేరండి."

డాక్టరు పట్టీలు పక్కన పెట్టింది. "ఆవిడ తప్పు కాదు. చాలామంది చేసే పనే" అంది.

"పురుగుమందు కాదు కదండీ?" మార్క్ అడిగాడు. అడుగుతూ ఫిలిప్ వైపే చూశాడు.

"ఈ నీళ్ళు చాలు ఈ పిల్లకి ఇలా కావడానికి. ఇంకేదో వెతకాల్సిన పని నాకు కనపడటం లేదు. బోరు ఎక్కడ ఉంది?"

జక్రయ్య ముందుకు వచ్చాడు. "దొడ్లోనేనండి. నేనే ఏయించా. ఊళ్ళో అందరివీ ఉప్పు నీళ్ళు, మావి తియ్యటి నీళ్ళండి. పక్కింటోళ్ళకీ మా బోరే."

"చుట్టుపక్కల ఏమున్నాయి?"

"ఇటు పెంటకుప్ప. గేదెలున్నాయి కదండీ. అటు మరుగుదొడ్డి గుంట. గోడ దాటితే మిరపచేలు." అతను వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. "అంతా కలిపి పది అడుగులు కూడా ఉండవండి."

"యూరియా, పెంట, ఆ గుంట, అన్నీ కిందికే దిగుతాయి. అక్కణ్ణుంచే మీరు పైకి తోడుకుంటున్నారు."

"పటిక వేస్తే పోదా అండి? బ్లీచింగు వేస్తే?" అన్నాడు ఫిలిప్.

"పటికకి మడ్డి పోతుంది. బ్లీచింగుకి పురుగు చస్తుంది. క్యాండిల్ ఫిల్టరు వడకడుతుంది. వీటిలో ఏదీ దీన్ని తియ్యలేదు. ఆర్‌వో మిషన్ తీస్తుంది, అది కూడా సరిగ్గా పనిచేసేదైతేనే. మిషన్లోంచి వచ్చిన నీళ్ళని మళ్ళీ ఇలా పరీక్ష చేయించాలి. అప్పటిదాకా ఆ బోరు చుక్క పసిపిల్లల నోట్లోకి పోకూడదు."

డాక్టరు లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకోగానే జక్రయ్య కోడలి వైపు చూశాడు. వాచిన చెంప, చిట్లిన పెదవి. పొద్దున ఇంటికి వెళ్ళేటప్పుడు అవి లేవు.

"ఎవరు కొట్టారమ్మా?"

మార్క్ ఫిలిప్ వైపు చూశాడు. ఫిలిప్ తల ఇంకా కిందికి దించాడు.

జక్రయ్య కొడుకు దగ్గరికి వచ్చి, కట్టు ఉందని కూడా చూడకుండా చాచి కొట్టాడు. ఒకటి కాదు, మూడు. కట్టు మీద ఎరుపు మళ్ళీ పాకింది. వార్డుబాయి పరుగున వచ్చి ముసలాయన్ని పట్టుకున్నాడు.

"గుంట తవ్వింది నేను! బోరు వేసింది నేను! కొడితే నన్ను కొట్టాల్సింది! ఆ పిల్లనెందుకు కొట్టావురా?" జక్రయ్య అరుస్తూ అరుస్తూ నేల మీద కూలబడ్డాడు.

ఫిలిప్ వరండా చివరికి పోయి అక్కకి ఫోన్ చేశాడు.

"పిల్లెట్టా ఉందిరా?" అంది జయకుమారి మొదటి రింగుకే.

"మందు ఎక్కుతోంది. అక్కా, శాంతి ఏం కలపలేదు. నీళ్ళంట."

"నీళ్ళేంది? నేను మరగబెట్టి..."

ఆమె ఆగిపోయింది. ఫిలిప్ డాక్టరు చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాడు. పులుసు, ఉప్పు, మూడు వంతులు ఒక వంతు.

"అంటే ఎంత ఎక్కువ కాస్తే అంత ఎక్కువా?" అని అడిగింది జయకుమారి.

ఫోన్ కట్ అయింది.

*

మధ్యాహ్నం రెండింటికి నర్సు వచ్చి శాంతిని లోపలికి పిలిచింది. కెజియా పెదాలు ఇంకా పూర్తిగా ఎర్రబడలేదు గానీ, నేరేడు రంగు పోయింది. గోళ్ళ కింద గులాబీ తెలుస్తోంది. పిల్ల కళ్ళు తెరిచి, తల్లి వేలు పట్టుకుని, ఆకలికి ఏడ్చింది. డయపర్ ఆకుపచ్చగా తడిసి ఉంటే శాంతి హడలిపోయింది. ఎక్కించిన మందు నీలం రంగుది, అందుకే అలా ఉంటుంది, భయం లేదని నర్సు చెప్పింది. "ఏడవనీ అమ్మా. ఇప్పుడు ఎంత ఏడిస్తే అంత మంచిది" అంది.

శాంతి బయటికి వచ్చేసరికి బెంచీ మీద ఫిలిప్ ఒక్కడే ఉన్నాడు. ఆమె అదే బెంచీకి ఇంకో చివర కూర్చుంది.

"ఏడ్చిందంటగా" అన్నాడు.

"ఏడ్చింది."

"రేపో ఎల్లుండో పంపిస్తారంట. ప్రత్తిపాడులో ఆర్‌వో మిషన్ పెట్టే అతనితో మాట్లాడాను. మీరొచ్చేలోపు బిగిస్తానన్నాడు. ఆ పెంటకుప్ప కూడా ఎత్తేయిస్తా."

శాంతి అతని వైపు చూడలేదు. "ఒకటి అడుగుతాను. నిజం చెప్పు. మన పిల్లకి నేను మందు పట్టానని నమ్మావా?"

స్ట్రెచర్ ఒకటి వాళ్ళ ముందునుంచి వెళ్ళింది. దాని చక్రాల చప్పుడు మలుపు తిరిగేదాకా ఫిలిప్ ఆగాడు. అబద్ధం చెప్పాలని అతనికి ఉంది. ఆమె చెంప చూస్తే చెప్పలేకపోయాడు.

"నమ్మాను" అన్నాడు.

"ఎంతసేపు?"

"డాక్టరమ్మ పట్టీ ముంచేదాకా."

శాంతి తల ఊపింది. మళ్ళీ ఊపింది. ఆమె కోపం తెచ్చుకుంటుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె రెండూ చెయ్యలేదు.

"ఆటోలో నీ తల నుంచి రక్తం కారుతుంటే, నువ్వు పడిపోకుండా నా కాలు అడ్డం పెట్టాను. అప్పుడు కూడా నమ్ముతున్నావన్నమాట."

"శాంతీ..."

"మా అన్న కింద ఉన్నాడు. పిల్లని పంపగానే తీసుకెళ్తానంటున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు."

"చెప్పకు. నా మాట విను. నేను..."

శాంతి చేతిలో ఫోన్ మోగింది. ఖాదర్‌బీ. శాంతి ఫోన్ చెవి దగ్గర పెట్టేలోపే అరుపులు మొదలయ్యాయి.

"ఏమ్మా, మీ ఇంట్లో గొడవలకి మేమేం చేశాం? మీ వదినకి పిచ్చి పట్టింది! గడ్డపార తీసుకుని బోరు మోటారు పగలగొడుతోంది. మా ఇంటికొచ్చే పైపు నరికేసింది. గుంటూరు నుంచి అప్పుడే తిరిగొచ్చిన మా ఆయన అడ్డం పోతే చేతి మీద పడింది దెబ్బ. ఎముక విరిగిందో ఏమో, లబలబలాడుతున్నాడు. ఆగమంటే ఆగదు. మా ఇంట్లోకి కూడా దూరి నీళ్ళ బిందెలన్నీ తన్ని పడేసింది!"

ఫోన్లోంచి ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మధ్య మధ్య జయకుమారి గొంతు. మాటలు తెలియడం లేదు. ఒక్క మాట మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తోంది, "పట్టొద్దు, పట్టొద్దు" అని.

శాంతి బెంచీ మీద నుంచి లేచింది.

"పిన్నీ, మీ అమ్మాయి బిడ్డకి ఏం పడుతున్నారు?"

"ఇప్పుడు అదెందుకు?"

"చెప్పు పిన్నీ!"

"డబ్బాపాలే. కాన్పుకొచ్చిన కాణ్ణుంచీ మా అమ్మాయికి జ్వరం కదా, పాలు చాలడం లేదు. నీకు తెలియందేముంది?"

"నీళ్ళు?"

"మీ వదిన కాచిన బిందెలోవే. మా పొయ్యి మీద అంత సేపు ఎవరు కూర్చుంటారని, రోజూ ఒక చెంబు ఆవిడే ఇస్తోంది. నాలుగు రోజులైంది. పసిబిడ్డకి ఎంత మంచిదని..."

ఫిలిప్ కూడా లేచి నిలబడ్డాడు. ఫోన్లోంచి వచ్చిన ప్రతి మాటా అతనికి వినపడింది.

"పిన్నీ, బిడ్డ ఎక్కడుంది?"

"లోపల పడుకుంది. పది గంటలప్పుడు పాలు తాగి పడుకుంది. ఇంత గోలలోనూ లేవలేదు, బంగారు తల్లి."

"లేవలేదా?"

"లేవలా."

"పిన్నీ, నా మాట విను. ఆ బిడ్డని ఎత్తుకుని వాకిట్లో ఎండలోకి తీసుకురా. పెదాలు చూడు. గోళ్ళు చూడు. నాకు చెప్పు."

ఖాదర్‌బీ అడుగులు వినిపించాయి. తలుపు తీసిన చప్పుడు. ఎవరో నిద్రమత్తులో ఏమిటమ్మా అన్నారు. దొడ్లో గడ్డపార దెబ్బలు ఆగిపోయాయి.

"పిన్నీ?"

అవతల ఎవరూ మాట్లాడలేదు.

"పిన్నీ, ఏ రంగులో ఉన్నాయి?"